ఈల పట్టిన పిల్లవాడు



సంధులూ సమాసాలూ చెప్పుకొని ముప్పై మూడేళ్ళు గడిపిన తెలుగు పండితునికి బాస్కెట్‌బాల్‌తో ఏమి పని అని మీకు నవ్వు రావచ్చు. ఆ పని మనవడి వల్ల కలిగింది. గత శీతకాలం న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట ఉన్నాను. పదిహేనేళ్ళ మా మనవడు శనివారాలలో చిన్నపిల్లల ఆటలకు రిఫరీగా వెళుతున్నాడు. అమెరికాలో ఈ పనిని హైస్కూలు విద్యార్థులకు అప్పగించడం పరిపాటి. ఆటకు ఇంతని కొద్ది సొమ్మూ ఇస్తారు.

ఒకనాడు నేనూ వెంట వెళ్ళాను. ఆడేవారు ఎనిమిదేళ్ళ పసివాళ్ళు. ఒక పిల్లవాడు బంతిని బుట్టలో వేయబోగా ఎదుటివాని చేయి తగిలి బంతి ఎటో ఎగిరిపోయింది. మావాడు ఈల వేయలేదు. బెంచీల మీదినుండి ఒక తండ్రి లేచి, "నీకు కళ్ళున్నాయా?" అని గద్దించాడు. ఇక అప్పటినుండి ప్రతి ఈలకూ ఒక కేక. ఇంటికి వచ్చేటప్పుడు కారులో మావాడు, "తాతయ్యా, వచ్చే వారం నుంచి నేను వెళ్ళను" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరమూ నియమావళి ముందు పెట్టుకొని కూర్చున్నాము. చదివేకొద్దీ నాకు ఆశ్చర్యం కలిగింది. బంతిని పట్టిన చేయి ఆ క్షణాన బంతిలో భాగమే. దానికి తగిలిన దెబ్బ ఫౌల్ కాదు. మణికట్టుకో ముంజేతికో తగిలితే లెక్క వేరు. చేయి చాచినంత మాత్రాన తప్పు లేదు. వెనుకనుండి ఎగిరి బంతి అందుకోవడమే తప్పని బెంచీలన్నీ ఘోషిస్తాయి గాని, పుస్తకంలో అటువంటి తప్పు లేదు. ఒకడు మరొకని కదలికకు ఆటంకం కలిగించాడా అన్నదే ప్రశ్న. ఆటంకం కలిగించని తాకిడిని ఉపేక్షించమని నియమమే చెబుతున్నది. చిన్నయసూరిగారి బాలవ్యాకరణంలో 'బహుళం' అన్న మాట ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. సూత్రం కంఠస్థమైతే చాలదు. అది ఎక్కడ ప్రవర్తిస్తుందో, ఎక్కడ ప్రవర్తించదో తెలియాలి.

"అయితే నీ నిర్ణయం సరైనదేనా?" అని అడిగాను. వాడు కొంతసేపు ఆలోచించి, "తెలియదు తాతయ్యా. నాకు వాళ్ళ వీపులే కనిపించాయి. ఊహించాను" అన్నాడు.

అసలు లోపం అక్కడ బయటపడింది. వానికి నియమం తెలుసు; నిలబడిన చోటు మంచిది కాదు. ఇద్దరు రిఫరీలున్న ఆటలో ఒకరు బుట్ట క్రింద సరిహద్దు గీత వద్ద, మరొకరు ఆటగాళ్ళ వెనుక ప్రక్కగా ఉండాలి. దాడి చేసేవానికీ అడ్డుకొనేవానికీ నడుమ ఉన్న సందు కనబడేటట్లు అడుగు మార్చుకుంటూ పోవాలి. బంతి రెండవవాని పరిధిలో ఉన్నప్పుడు తాను బంతిని గాక మిగిలిన పిల్లలను చూడాలి. తాకిడి కనబడగానే ఈల ఊదక, ఒక్క శ్వాస ఆగి దాని ఫలితం చూడాలి. ఫౌల్ అయితే పిడికిలి, తక్కిన ఉల్లంఘనలకు తెరచిన అరచేయి, తడబడకుండా పైకి లేవాలి. చూడనిదానికి ఈల వేయరాదు. గొంతు పెంచినందువల్ల రిఫరీ ఎదగడు. కాళ్ళూ కళ్ళూ కలిసి పనిచేస్తేనే ఎదుగుతాడు.

ఈ సంగతి ఆట పుట్టినప్పుడే తెలుసు. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కల్పించిన జేమ్స్ నైస్మిత్ మనవంటి ఉపాధ్యాయుడే, వ్యాయామం నేర్పేవాడు. ఆయన వ్రాసిన 13 నియమాలలోనే ఆటగాళ్ళ తప్పులు చూడడానికి ఒక అంపైరు, బంతిని చూడడానికి ఒక రిఫరీ ఉన్నారు. ఒక జత కళ్ళకు ఇదంతా అందదని ఆయన తొలినాడే గ్రహించాడు. పదిహేనేళ్ళవాడు అన్నీ చూడాలని పట్టుబట్టేది మనమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరం, త్రైమాసిక పరీక్షలో ఒక పిల్లవాడు 'మేనయల్లుడు' అని వ్రాస్తే, 'మేనల్లుడు' అని ఉండాలని కొట్టివేశాను. అత్వసంధి బహుళం గనుక రెండు రూపాలూ సాధువులే. పేపర్ల కట్ట పూర్తి చేసే తొందరలో చూడలేదు. వాడు పుస్తకం పట్టుకొని వచ్చి వినయంగా చూపించాడు. తరగతి అంతా చూస్తుండగా తప్పు ఒప్పుకోవడానికి మనసు రాక, "వెళ్ళి కూర్చో" అన్నాను. ఒక్క మార్కు. ఆ తరువాత వాడు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. నాకు పండిత శిక్షణ ఉన్నది, వయసున్నది, కుర్చీ ఉన్నది. నాపై కేక వేసేవాడు ఎవడూ లేడు. అయినా తప్పు దిద్దుకోలేకపోయాను. అవేవీ లేని పిల్లవానిని మనం కేకలతో దిద్దుదామనుకుంటున్నాము.

"పిల్లల ఆటలో మాత్రం న్యాయం వద్దా?" అని మీరు అడగవచ్చు. తప్పక ఉండాలి. సందేహం ఉంటే కోచ్ విరామంలో మర్యాదగా అడగవచ్చు. అనుభవజ్ఞుడైన రిఫరీ ఒకరు ప్రక్కన ఉండి, ఆట ముగిశాక 'ఎక్కడ నిలబడ్డావు, ఏమి చూశావు' అని అడిగితే చాలు. ఆ రెండు ప్రశ్నలలోనే శిక్షణ అంతా ఉన్నది. కేకలవల్ల ఏమి జరుగుతుందో అమెరికా ఇప్పటికే చూసింది. 2018-19 తరువాత మూడేళ్ళలో హైస్కూలు క్రీడలను నడిపించే అధికారులు దాదాపు 50,000 మంది తప్పుకున్నారని అక్కడి జాతీయ హైస్కూలు సమాఖ్య చెప్పింది. కోవిడ్ కాలం కూడా ఒక కారణమే. కాని ప్రేక్షకుల దురుసుతనం మరొక పెద్ద కారణమని ఆ సమాఖ్యే అన్నది. మన ఊళ్ళలో కబడ్డీ బరి చుట్టూ చేరి డ్రిల్లు మాస్టారిమీదికి వెళ్ళే పెద్దలకూ ఇది వర్తిస్తుంది.

మరుసటి శనివారం మావాడు వెళ్ళాడు. ఒకసారి బంతిని ఏ జట్టుకు ఇవ్వాలో పొరబడి, వెంటనే మళ్ళీ ఈల వేసి, "నాదే పొరపాటు" అని సరిదిద్దుకున్నాడు. పైనుండి ఎవరో ఏదో అన్నారు. వాడు అటు చూడలేదు; చూడవలసిన చోటికి రెండడుగులు జరిగి నిలబడ్డాడు.

ముప్పై మూడేళ్ళలో నేను అనలేని మాటను నా మనవడు పదిహేనేళ్ళకే అన్నాడు. ఆ 'మేనయల్లుడు' విద్యార్థి ఎక్కడైనా ఇది చదివితే, నాయనా, నీకు ఒక మార్కు బాకీ ఉన్నాను.