పంటచేలో వలయం: అడగవలసింది ఆకాశాన్ని కాదు, రైతును

ఏపుగా ఎదిగిన పంటచేలో ఒకనాటి ఉదయం పెద్ద వలయం కనిపిస్తుంది. క్రితం సాయంత్రం అక్కడ అటువంటిదేమీ లేదు. వలయం లోపలి పైరంతా చాప పరచినట్లు ఒకే దిశలో వాలి ఉంటుంది. అంచు దాటితే మాత్రం ఒక్క దంటు కూడా చెక్కు చెదరదు. పూర్వం ఆ ఛాయాచిత్రం వార్తాపత్రికల్లో అచ్చయ్యేది. నేడు గంట గడవకముందే చేతిఫోన్లకు చేరుతున్నది. "ఇది మానవమాత్రుల పని కాదు" అన్న వ్యాఖ్య మాత్రం నాటి నుంచి నేటి వరకూ దానిని వెన్నంటే ఉన్నది.

దోహా నగరంలోని అల్ సద్ వంటి పేటలలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ చిత్రాలు ఒక ప్రత్యేకమైన చిక్కును తెచ్చిపెడతాయి. ఆ ఇళ్లలోని పిల్లల తాతలలో ఎందరో వరిచేల గట్ల మీద పెరిగినవారు. పిల్లలకు మాత్రం పైరు బొమ్మల్లోనే పరిచయం. పడిపోయిన చేను ఎలా ఉంటుందో ఎరుగని కంటికి ప్రతి వలయమూ అద్భుతమే. కనుక "ఇది ఎవరు చేశారు?" అని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు ఇచ్చే సమాధానం, ఆ సమాధానాన్ని వెతికే పద్ధతి, రెండూ ముఖ్యమైనవే.

ఈ వలయాల చరిత్ర ప్రధానంగా దక్షిణ ఇంగ్లండుకు చెందినది. 1970ల చివరి నుంచి హాంప్‌షైర్, విల్ట్‌షైర్ ప్రాంతాల పంటచేలలో ప్రతి వేసవిలోనూ ఇవి కనిపించసాగాయి. టెరెన్స్ మీడెన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఇవి ఒక విధమైన సుడిగాలుల ఫలితమని ప్రతిపాదించాడు. పాట్ డెల్గాడో అనే విశ్రాంత ఇంజనీరు వీటి వెనుక ఏదో అజ్ఞాత మేధస్సు ఉన్నదని భావించి పుస్తకాలు రచించాడు. ఈలోగా వలయాలు సాదా వృత్తాలుగా మిగలక, సరళరేఖలతో, చిత్రవిచిత్రమైన ఆకృతులతో విస్తరించాయి.

1991 సెప్టెంబరులో తెర తొలగింది. సౌతాంప్టన్‌కు చెందిన డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు వృద్ధ మిత్రులు, పదేళ్లకు పైగా ఈ పని చేస్తున్నది తామేనని 'టుడే' దినపత్రిక ద్వారా వెల్లడించారు. వారి సాధనసంపత్తి ఒక చెక్కపలక, కొంత తాడు, గురి చూసుకోవడానికి టోపీకి తగిలించిన తీగచుట్ట, అంతే. 1966లో ఆస్ట్రేలియాలోని టల్లీ వద్ద చిత్తడి నేలలో వలయాకారంగా పడి ఉన్న గడ్డిని గురించిన వార్త వారికి ఈ ఊహను కలిగించింది. సుడిగాలి సిద్ధాంతం ప్రచారంలోకి రాగానే దానిని వెక్కిరించడానికే వారు సరళరేఖలు గీయసాగారు. పత్రికవారు వారిచేత ఒక ఆకృతిని వేయించి డెల్గాడోకు చూపగా, అది మనుషులు చేసినది కాజాలదని ఆయన నిర్ధారించాడు. నిజం తెలిసిన పిదప తాను మోసపోయానని నిజాయితీగా అంగీకరించాడు. మరుసటి ఏడాది, 1992లో, ఇంగ్లండులోనే వలయాలు వేసే పోటీ జరిగింది. అందులో గెలిచినవారు ముగ్గురు హెలికాప్టరు ఇంజనీర్లు. గొట్టాలు, తాళ్లు, పలక, రెండు నిచ్చెనలు వారికి చాలాయి.

అయితే ఇద్దరు వృద్ధులు ఒప్పుకొన్నంత మాత్రాన ప్రపంచంలోని వలయాలన్నిటికీ సమాధానం దొరికినట్లేనా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి వలయాన్నీ దాని సాక్ష్యాన్ని బట్టి విడిగా పరిశీలించవలసినదే. కాని "ఎవరు చేశారో తెలియదు" అన్న మాటకూ, "గ్రహాంతరవాసులు చేశారు" అన్న మాటకూ మధ్య చాలా దూరం ఉన్నది. మొదటిది వినయం. రెండవది రుజువు చూపవలసిన వాదన.

అసలు పైరు నేలకొరగడం మానవ ప్రమేయం లేకుండానే జరిగే సంగతి. 1880లోనే జె. రాండ్ కాప్రన్ అనే ఆయన, ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో గాలివానల తర్వాత గోధుమచేలో గుండ్రని మచ్చలుగా పైరు పడిపోయిన వైనాన్ని 'నేచర్' పత్రికకు రాశాడు. తెలుగు రైతుకు ఇది కొత్త విషయం కాదు. నత్రజని ఎరువు మోతాదు మించితే దంటు పొడుగై బలహీనపడుతుంది. కంకి బరువెక్కిన దశలో వాన, గాలి కలిసి వస్తే చేను పడిపోతుంది. కోస్తా జిల్లాలలో తుపాను వెళ్లిన మర్నాడు ఈ దృశ్యం ఎన్నో ఊళ్లలో కనిపిస్తుంది. పొట్టి వరి వంగడాలు పుట్టడానికి ఒక ముఖ్య కారణం ఈ బెడదే. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐ.ఆర్.8 దంటు పొట్టిది, గట్టిది. ఎరువు వేసినా నిలబడింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దానిని పండించి చూపడం తెలుగు వ్యవసాయ చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. చేను ఎందుకు పడిపోతుందన్న ప్రశ్నను శ్రద్ధగా అడిగినవారి వల్లనే కోట్ల మందికి అన్నం దొరికింది.

కొత్తగా కనిపించిన వలయాన్ని పరిశీలించే పద్ధతి కూడా ఈ శ్రద్ధ నుంచే రావాలి. మొదట రైతును అడగాలి: చివరిసారి చేను చూసినది ఎప్పుడు? ఎరువు ఎంత వేశారు? ఆ రాత్రి గాలి, వాన ఉన్నాయా? తరువాత అంచును చూడాలి. గాలికి పడిన పైరు అంచు చిరిగిన గుడ్డలా క్రమం తప్పి ఉంటుంది. పలకతో తొక్కిన పైరు అంచు కొలిచినట్లు తీరుగా ఉంటుంది. ఆ పైన ప్రవేశమార్గాలను పరిశీలించాలి. ఇంగ్లండు గోధుమచేలలో ట్రాక్టరు చక్రాలు నడిచే ఖాళీ బాటలు ఉంటాయి. వాటి వెంట నడిచినవారి జాడ పైరులో కనిపించదు. వరిచేలో గట్లే అటువంటి బాటలు. తడి నేలైతే అడుగుజాడలు సాక్ష్యం చెబుతాయి.

దంటుల కణుపులు వంగి, సాగి ఉండటాన్ని కొందరు ఏదో అజ్ఞాత శక్తికి నిదర్శనంగా చూపుతారు. ఇక్కడ కొంత వృక్షశాస్త్రం అవసరం. గడ్డిజాతి మొక్క నేలకు వాలినప్పుడు, కణుపు దగ్గర కింది వైపు కణాలు పై వైపు కణాల కంటె ఎక్కువగా సాగుతాయి. దాని వల్ల దంటు మళ్లీ పైకి లేవడానికి ప్రయత్నిస్తుంది. భూమ్యాకర్షణకు మొక్క చూపే సహజ స్పందన ఇది. తొక్కినా, గాలికి పడినా, కొన్ని రోజులలో కణుపులు వంగి తీరుతాయి. కనుక వలయంలోని దంటులను నిలబడిన దంటులతో మాత్రమే పోల్చడం చాలదు. గాలికి పడినవాటితోనూ, కావాలని తొక్కినవాటితోనూ పోల్చాలి. కొలిచే వ్యక్తికి ఏ దంటు ఎక్కడిదో తెలియకుండా ఉండాలి. ఈ జాగ్రత్త లేని కొలత, కొలిచేవారి కోరికనే తిరిగి చూపుతుంది.

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. శీతాకాలంలో అల్ సద్‌లోని ఏ అపార్టుమెంటు బాల్కనీలోనైనా కుండీలో గోధుమ గింజలు చల్లి, కణుపులు ఏర్పడిన తరువాత కుండీని పక్కకు వాల్చి ఉంచితే, కొద్ది రోజులలోనే దంటులు కణుపుల దగ్గర వంగి పైకి తిరగడం పిల్లలు కళ్లారా చూడగలరు. వంద వీడియోలు ఇవ్వలేని నమ్మకాన్ని ఆ ఒక్క కుండీ ఇస్తుంది.

మూఢవిశ్వాసం కేవలం వినోదమని, దానివల్ల ఎవరికీ నష్టం లేదని భావించేవారు హంగేరీ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి. 1992 జూన్‌లో సెకెష్‌ఫెహెర్వార్ సమీపంలోని గోధుమచేలో ఇద్దరు విద్యార్థులు ఒక వలయం వేశారు. నిపుణులు అద్భుతమన్నారు, జనం వేలాదిగా తరలివచ్చారు. ఆ తరువాత విద్యార్థులు టెలివిజన్‌లో నిజం చెప్పారు. భూమి యజమాని సంస్థ 6,30,000 ఫోరింట్ల పరిహారం కోరుతూ దావా వేసింది. వలయం లోపలి నష్టం సుమారు 6,000 ఫోరింట్లేనని, దానికి మాత్రమే విద్యార్థులు బాధ్యులని, పంటనష్టంలో 99 శాతం చూడవచ్చిన జనం తొక్కినదేనని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. వలయం వేసినవారి కంటె దానిని నమ్మి పరుగెత్తినవారే చేనును ఎక్కువగా పాడుచేశారన్నమాట. వీడియోను విచారించకుండా పదిమందికి పంపేవారు కూడా ఆ జనంలో చేరినవారే.

వరిచేలకూ ఈ అనుభవం ఉన్నది. 2011 జనవరిలో ఇండోనేషియాలోని యోగ్యకర్త దగ్గర స్లేమన్ ప్రాంతంలో వరిపొలాల మధ్య పెద్ద ఆకృతి కనిపించినప్పుడు జనం గుంపులుగా వచ్చారు. ఆ దేశపు అంతరిక్ష సంస్థ లాపాన్ అది మనుషుల పనేనని తేల్చింది. 2013 డిసెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెలసిన ఆకృతి, ఒక కంప్యూటరు చిప్‌ల సంస్థ ప్రచారం కోసం వేయించినదని కొద్ది రోజులలోనే బయటపడింది.

తెలుగువారు ఇటువంటి కలకలాలు ఎరుగనివారు కారు. 1979లో స్కైలాబ్ నెత్తిన పడుతుందన్న భయంతో కోళ్లను, మేకలను కోసుకుతిన్న ఊళ్ల కథలు నేటికీ ఇళ్లలో వినిపిస్తాయి. 1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త ఒక్క రోజులో దేశమంతా పాకింది. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి, అవి విగ్రహం మీదుగా పల్చని పొరగా కిందికి జారుతున్నాయని చూపారు. అక్కడ భక్తిని ఎవరూ అవమానించలేదు. చెంచాలోని పాలు ఎటు పోతున్నాయని మాత్రమే అడిగారు.

ఇంతకూ కతార్ గడ్డ మీద నిజమైన వలయాలు లేకపోలేదు. విమానం కిటికీలోంచి చూస్తే ఎడారిలో గుండ్రని పచ్చని పొలాలు కనిపిస్తాయి. నడుమ ఒక ఇరుసు, దాని చుట్టూ చక్రాల మీద తిరుగుతూ నీరు చల్లే పొడవైన గొట్టం ఉండటం వల్ల వాటికి ఆ ఆకారం వచ్చింది. సెంటర్ పివట్ అనే ఈ సాధనానికి ఫ్రాంక్ జైబాక్ అనే అమెరికన్ రైతు 1952లో పేటెంటు పొందాడు. ఏడాదికి సగటున సుమారు 80 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే దేశంలో, ఇర్ఖయా వంటి క్షేత్రాలలో శుద్ధి చేసిన మురుగునీటితో పశుగ్రాసం పండించడం తక్కువ అద్భుతం కాదు. ఇక సున్నపురాయి కరిగి కుంగిన పల్లాలలో వాననీరు, ఒండ్రు చేరి ఏర్పడిన 'రౌదా'లు ప్రకృతి తీర్చినవి. కొన్ని వలయాలు యంత్రం గీసినవి, కొన్ని నేల గీసినవి, కొన్ని చిలిపితనం గీసినవి. ఏది ఏదో తెలుసుకోవడంలోనే ఆనందం ఉన్నది.

విచారణ వల్ల పిల్లలలోని ఆశ్చర్యం చచ్చిపోతుందన్న భయానికి ఆధారం లేదు. చీకట్లో, దీపం లేకుండా, తాడూ పలకలతో అంత నిర్దుష్టమైన ఆకృతి వేసిన మనుషుల నేర్పు మెచ్చుకోదగినదే. అయితే అది రైతు అనుమతితో జరిగితే కళ, అనుమతి లేకుండా జరిగితే పంటనష్టం. ఒక పంటకాలం పాటు శ్రమించిన చేతుల మాట ఎత్తకుండా నక్షత్రాల మాట ఎత్తడం వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారికి శోభించదు. ఇకమీదట అటువంటి చిత్రం ఏదైనా ఇంటికి చేరితే, పిల్లలకు మొట్టమొదట నేర్పవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ చేను ఎవరిది, ఆయన ఏమంటున్నాడు?