రంగునీటి నేల మీద అక్షరం

పండుగ దగ్గరపడగానే మన ఇళ్ళలో ఒక ముచ్చటైన సందడి మొదలవుతుంది. పిల్లలు కూర్చుని ఈద్ శుభాకాంక్షల కార్డులు, గోడకు తగిలించే బిస్మిల్లాహ్ పటాలు, ఈదీ పెట్టి ఇచ్చే కవర్లు స్వయంగా తయారు చేస్తారు. కాగితం మీద రంగు సిరాను నీటితో పారించి, ఆరిన తర్వాత దానిపై అక్షరాలు రాయడం వారికి ఎంతో ఇష్టం. ఇది మెచ్చుకోదగిన పనే. అయితే రంగుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా కాగితం మీద పెట్టరు. అక్షరం ఎక్కడ నిలవాలన్నది చివర గాని ఆలోచించరు. ఈ నెల ఆ రెండు విషయాలనే పాఠకుల ముందు ఉంచదలిచాము.

కాగితాన్ని సిద్ధం చేయడాన్ని పూర్వ లేఖకులు తమ కళలో భాగంగానే భావించేవారు. హెరాత్‌లో పేరుగాంచిన లేఖకుడు సుల్తాన్ అలీ మష్‌హదీ 1514లో పద్యరూపంలో రచించిన లేఖన గ్రంథంలో కలం, సిరాలతో పాటు కాగితానికి రంగు వేయడం గురించి కూడా బోధించారు. లేత రంగు నేల కంటికి హాయినిస్తుందని ఆయన అభిప్రాయం. కాగితానికి పిండి గంజినో, గుడ్డు తెల్లసొననో పూసి, ఆరాక నునుపు రాయితో రుద్ది మెరుగు పెట్టేవారు. ఈ పూతకు 'ఆహార్' అని పేరు. దానివల్ల సిరా లోపలికి ఇంకిపోక పైనే నిలిచేది.

మన దక్కన్ కూడా ఈ కళలో వెనుకబడలేదు. 17వ శతాబ్దపు బీజాపూర్ చిత్రకారులు 'అబ్రీ' కాగితంతో అపురూపమైన చిత్రాలు రూపొందించారు. ఫార్సీలో 'అబ్ర్' అంటే మేఘం. చిక్కని జిగురు నీటిపై రంగులను తేల్చి, దానిపై కాగితాన్ని పరచి, ఆ మేఘాల ముద్రను ఎత్తుకునేవారు. తుర్కీలో 'ఎబ్రూ' పేరుతో ఈ విద్య నేటికీ సజీవంగా ఉంది. 2014లో యునెస్కో దానిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పాత సంపుటాలలో ఇటువంటి కాగితాన్ని తరచుగా అంచులకే వాడేవారు. రాత మాత్రం మధ్యలో ప్రశాంతమైన కాగితం మీద ఉండేది. ఎందుకో కాసేపట్లో చెబుతాము.

ముందు మన చేతిలోని కాగితాన్ని పరీక్షిద్దాం. ఒక మూల చిన్న నీటిబొట్టు వేయండి. బొట్టు ముత్యంలా నిలిస్తే కాగితానికి పూత ఉన్నట్టు. వెంటనే ఇంకిపోతే లేనట్టు. చదరపు మీటరుకు 70, 80 గ్రాములు తూగే మామూలు ప్రింటు కాగితం తడి తగలగానే ఉబ్బి ముడతలు పడుతుంది. దానిపై ఒకే ఒక పలుచని పూత వేసి, ఆరాక అట్టకు అతికించడమే మేలు. డ్రాయింగ్ షీటు ఒకటి రెండు పూతలను తట్టుకుంటుంది. నీటి రంగుల కోసమే తయారయ్యే 300 గ్రాముల కాగితం ఎక్కువసేపు తడిగా ఉంటుంది కనుక రంగులు ఒకదానిలో ఒకటి చక్కగా కలుస్తాయి. చేతితో చేసిన కాగితాలలో పూత లేనివి రంగును పీల్చేస్తాయి. వాటికి పలుచని గంజి పట్టించి ఆరనిస్తే పనికి వస్తాయి. నిగనిగలాడే కాగితం మీద మాత్రం రంగు పట్టదు, ఆరాక చేతికి అంటుతుంది.

ఇక పని విధానం. కాగితం నాలుగు అంచులను టేపుతో పలకకు అతికించండి. వెడల్పు కుంచెతో శుభ్రమైన నీరు సమంగా పూయండి. తడి మెరుస్తుండగానే రెండు చోట్ల సిరా చుక్కలు వదలి, పలకను మెల్లగా వంచి పారనివ్వండి. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే బురద రంగే మిగులుతుంది. మెరుపు తగ్గుతున్న సమయంలో నాలుగు ఉప్పు రవ్వలు చల్లితే మంచుపూల వంటి ఆకారాలు ఏర్పడతాయి. పూర్తిగా ఆరాకే ఉప్పు దులపాలి. తడి మీద పదేపదే కుంచెతో రుద్దకండి. కాగితం పైపొర లేచిపోయి, తర్వాత రాసే అక్షరం చెదురుతుంది. ఫౌంటెన్ పెన్ సిరాలు చాలావరకు ఎండకు వెలిసిపోతాయి కనుక అటువంటి పటాన్ని కిటికీకి ఎదురుగా తగిలించకూడదు.

ఇప్పుడు అసలు విషయం. అరబీ లిపిలో చుక్కే అక్షరాన్ని నిర్ణయిస్తుంది. ఒకే గీతకు కింద ఒక చుక్క ఉంటే 'బా', పైన రెండుంటే 'తా', మూడుంటే 'సా'. 'రహ్మాన్', 'రహీమ్' అనే పవిత్ర నామాలలోని 'హా'కు చుక్కే లేదు. కుంచె విదిలించగా ఎగిరిపడిన ఒక నల్లని తుంపర దాని నెత్తిన పడితే అది 'ఖా'గా మారుతుంది. అందం కోసం చల్లిన మరక అల్లాహ్ నామాన్నే మార్చేస్తుంది! ఇప్పుడిప్పుడే ఖాయిదా నేర్చుకుంటున్న చిన్నారి గోడ మీద చూసిందే చదువుతుంది. పెద్దవారి కన్ను అలవాటు కొద్దీ సరిదిద్దుకుంటుంది, పిల్లల కన్ను అలా సరిదిద్దుకోలేదు.

కాబట్టి తుంపరలు, ఉప్పుపూలు, ముదురు రంగులు అంచులకే పరిమితం చేయండి. నడుమ నేలను లేతగా, మచ్చ లేకుండా వదలండి. రాసేముందు ముందుగా పెన్సిల్‌తో అక్షరాల చోటు గుర్తించి, ఆ చోట ఒక్క చుక్క కూడా లేదని చూసుకోండి. ఉంటే ఆ కాగితాన్ని కవరుకో, పుస్తకం అట్టకో వాడుకోండి. పడిన శ్రమ వృథా కాదు.

మరొక్క మాట. పండుగ మరునాడు కార్డులు ఎక్కడికి చేరుతాయో మనకు తెలియనిది కాదు. పదిమంది చేతులు మారి చివరకు చెత్తబుట్టకు చేరే కార్డు మీద ఆయతులు, అల్లాహ్ నామాలు రాయవద్దని తల్లులు పిల్లలకు ప్రేమగా చెప్పాలి. దాని మీద తెలుగులో 'పండుగ శుభాకాంక్షలు' అని రాసి, కింద పిల్లవాడి పేరు పెడితే చాలు. పవిత్ర వచనాలను ఇంట్లో భద్రంగా నిలిచే పటానికి కేటాయించండి. ఆ పటానికి మంచి కాగితం కొనండి, రంగు తక్కువగా వాడండి, తొందరపడకండి.