మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు అడ్డంగా

మా కంపెనీ శిక్షణ తరగతులు ఎవరో ఒకరు ‘జాయిన్డ్ అప్ థింకింగ్’, అంటే అందరూ కలిసి ఆలోచించడం, అనకుండా ముగియవు. తుర్కపల్లి దగ్గర, జీనోమ్ వ్యాలీలో ఒక మందుల తయారీ యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ నా పని. బ్యాచ్ రికార్డు మీద ప్రొడక్షన్ వాళ్ల సంతకం, మా సంతకం, క్యూఏ (క్వాలిటీ అష్యూరెన్స్) వాళ్ల సంతకం పడితేగానీ మందు గేటు దాటదు. అంతమాత్రాన మూడు బుర్రలు కలిసి పనిచేశాయని ప్రమాణం చేయలేను. ఎవరి గడి వాళ్లు నింపేసి చేతులు దులుపుకోవడం కూడా అలాగే కనిపిస్తుంది మరి, కాగితం మీద.

1997లో టోనీ బ్లెయిర్ గెలిచాక బ్రిటన్‌లో ఈ ‘జాయిన్డ్ అప్’ మాట సర్కారు ఊతపదమైంది. ఆ డిసెంబరులోనే సోషల్ ఎక్స్‌క్లూజన్ యూనిట్ పెట్టారు. అది ముందుగా చేపట్టిన పనుల్లో ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్ల సంగతి ఒకటి. ఇళ్ల శాఖ, ఆసుపత్రి, జైలు... ఒకే మనిషి వీటన్నిటి చుట్టూ తిరుగుతుంటాడు, ఒక్కో చోట ఒక్కో ఫైలుగా. ఆ మనిషి వెంట నడిచి చూడమన్నారు. తర్వాత ఆ మాటా మీటింగుల్లో అరిగిపోయిందనుకోండి.

ఆ కలిసి ఆలోచించడం మా వైపు ఎంతవరకు ఉందో చూద్దాం. నేను మేడ్చల్‌లో ఉంటాను. 2022 ఆగస్టులో మా జిల్లా సమీకృత కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో తెరిచారు. శాఖలన్నీ ఒకే కప్పు కిందికొచ్చాయి, సంతోషం. ఆ కప్పు దాకా వెళ్లడమే మా బాధ. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. రెండుచోట్లా అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కొచ్చు, దిగొచ్చు, కారుంటే. బైకులకూ ఆటోలకూ దాని మీద ప్రవేశం లేదు. అదే దారిలో ఫ్యాక్టరీకి వెళ్లే మా షిఫ్టుల్లో చాలామందికి ఉన్నది బైకే. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది. అది వెళ్లేది సికింద్రాబాద్‌కు. 2025 జనవరిలో ప్రకటించిన రెండు మెట్రో లైన్లూ, ప్యారడైజ్–మేడ్చల్, జేబీఎస్–శామీర్‌పేట, అటే.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. 2024 మార్చిలో శంకుస్థాపన చేసిన ప్యారడైజ్–డెయిరీఫాం కారిడార్‌లో పైవంతెన, దాని మీద మెట్రో రెండూ ఒకే స్తంభాల మీద నిలవాలని అనుకున్నారు. ఒకరు కట్టింది రేపు ఇంకొకరు పగలగొట్టే పని లేకుండా ముందే ఆలోచించారంటే, అది నిజంగా కలిసి ఆలోచించడమే. కాకపోతే అదీ నగరంలోకి పోయేవాడి కోసమే. ఇళ్లు ఒకవైపు, ఫ్యాక్టరీలు ఇంకోవైపు పెరిగిన ఈ శివార్లలో మేం అడ్డంగా తిరుగుతాం. మా ప్రయాణం ఏ శాఖ పటంలోనూ గీతగా పడదు.

నేనడిగేది స్తంభాలు కాదు. మధ్యాహ్నం రెండుకీ రాత్రి పదికీ షిఫ్టు మారే వేళ చూసుకుని, తుర్కపల్లి నుంచి శామీర్‌పేట మీదుగా మేడ్చల్ స్టేషన్‌కు రైలు అందేలా బస్సులు నడపాలి. అందుకు రైల్వే, ఆర్టీసీ, కంపెనీల హెచ్ఆర్‌లు తమ తమ టైంటేబుళ్లు తెచ్చి ఒక బల్ల ముందు పరవాలి. వాళ్లను పిలవాల్సింది కలెక్టర్. హాలు అంతాయిపల్లిలోనే ఉంది.