ఒలకబోసినవాడిదే బిల్లు

ఇక్కడ అమెరికాలో మా ఆఫీసు వెనకాల ఒక జనరేటర్ ఉంది, కరెంటు పోతే సర్వర్లు పడిపోకుండా. కిందటేడాది దానికి డీజిల్ నింపుతుండగా ట్యాంకరు గొట్టం ఊడిపోయి, ఓ నలభై గ్యాలన్లు పార్కింగ్ లాట్‌లో పారింది. వాననీటి కాలువ జాలీ దాకా వెళ్ళిపోయింది. మా బిల్డింగు వ్యవహారాలు చూసే పెద్దాయన వెంటనే 911కి ఫోన్ కొట్టాడు. రెండు ఫైరింజన్లు, వాటి వెనకాలే హజ్‌మ్యాట్ బండి. కాలువకి అడ్డుకట్ట వేసి, డీజిల్ పీల్చే దిండ్లు పరిచి మూడు గంటల్లో పని కానిచ్చారు. మేమంతా కోడింగు మానేసి కిటికీల్లోంచి చూశాం.

అసలు కథ నెల తర్వాత. సిటీ నుంచి బిల్లు వచ్చింది. ఇంజనుకి గంటకింత, మనిషికి గంటకింత, దిండ్లు ఎన్ని, చేతి తొడుగులు ఎన్ని జతలు, ఆఖరికి పాడైపోయిన ఒక జత బూట్లు కూడా!

"మరి మనం పన్నులు కట్టట్లేదా?" అన్నాను.

"కడుతున్నాం. ఇల్లంటుకుంటే ఆర్పడం అందులోకి వస్తుంది. నువ్వు ఒలకబోసింది ఎత్తడానికి పక్కింటివాడు ఎందుకు కట్టాలి?" అన్నాడాయన.

ఆ బిల్లు డీజిల్ కంపెనీకి వెళ్ళింది, వాళ్ళ ఇన్సూరెన్సు కట్టింది. గొట్టం ఎందుకు ఊడింది, తప్పెవరిది అన్న తగువు సిటీకి అక్కర్లేదు. ఇక్కడ చాలా ఊళ్ళలో, కౌంటీల్లో ఇలాంటి రూలుంది. 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం కూడా పాడుచేసినవాడే కట్టాలంటుంది కానీ పెట్రోలు, డీజిల్‌ని వదిలేసింది. కాబట్టి మా డీజిల్ మడుగుకి ఊరి రూలే దిక్కు. ఆ చట్టం కిందకొచ్చే రసాయనమైతే, కట్టాల్సినవాడు దొరక్కపోయినా, చేతులెత్తేసినా, స్థానిక ప్రభుత్వం ఒక్కో ప్రమాదానికి 25,000 డాలర్ల దాకా ఫెడరల్ ప్రభుత్వాన్ని అడగొచ్చు.

అంతా బంగారమని కాదు. ఈ రుచి మరిగి, మామూలు కారు గుద్దుళ్ళకి కూడా బిల్లులు వేసిన ఊళ్ళున్నాయి. జనం గోల చేస్తే కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. అది సబబే. ఇంకో అనుమానం నాకే వచ్చింది, బిల్లుకి భయపడి ఎవడైనా ఫోన్ చెయ్యకుండా నీళ్ళు కొట్టి కాలువలోకి తోసేస్తే? అదే అడిగాను. నీళ్ళమీద చమురు మెరుపు కనిపించినా వెంటనే చెప్పాలని ఫెడరల్ రూలుందనీ, దాచి దొరికితే ఈ బిల్లు చిల్లరలా కనిపిస్తుందనీ చెప్పాడు.

నన్ను తొలిచేది వేరే ఉంది. ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఉందో స్థానిక ఫైర్ వాళ్ళకి ముందే చెప్పాలని, ప్రతి ప్రాంతానికీ ఒక అత్యవసర ప్రణాళికా కమిటీ ఉండాలని అమెరికా 1986లో చట్టం చేసింది. ఎందుకో తెలుసా? 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది గనక. మరుసటేడు అదే కంపెనీకి వెస్ట్ వర్జీనియాలో ఉన్న ఫ్యాక్టరీలో కూడా గ్యాస్ లీకైంది గనక. పోయింది మనవాళ్ళు, పాఠం నేర్చుకున్నది వీళ్ళు.

మనకి చట్టాలు లేవా అంటే దండిగా ఉన్నాయి. 1991లో బాధితుల కోసం ఇన్సూరెన్సు చట్టం, 1996లో రసాయన ప్రమాదాల నిబంధనలు, జిల్లాకో క్రైసిస్ గ్రూపు. కానీ 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం స్టైరీన్ పీల్చి వీధుల్లో పడిపోయారు. పన్నెండు మంది పోయారు. మర్నాడు ఎన్‌జీటీ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. మన లెక్కలో అది మెరుపు వేగం, ఒప్పుకుంటాను. కానీ అది ట్రిబ్యునల్ కలగజేసుకుంటే వచ్చింది. పన్నెండు ప్రాణాలు పోబట్టి దేశమంతా చూసింది, ఎవరూ చావని లీకుల సంగతేంటి?

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే ఊరుంది. రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు దిగి బావుల్లో నీళ్ళు పాడైపోయాయి. పాడుచేసినవాళ్ళే బాగుచెయ్యాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. తేలిన లెక్క 37.385 కోట్లు. 2011లో అదే కోర్టు మళ్ళీ చెప్పాల్సొచ్చింది, ఈసారి 12 శాతం చక్రవడ్డీతో సహా కట్టమని. మా ఆఫీసుకి బిల్లు ముప్ఫై రోజుల్లో వచ్చింది, అక్కడ పదిహేనేళ్ళకి కూడా వసూలు కాలేదు.

తేడా చట్టంలో లేదనిపిస్తుంది నాకు, లెక్క రాయడంలో ఉంది. మనూళ్ళో హైవే మీద యాసిడ్ ట్యాంకరు బోల్తా పడితే ఫైర్ వాళ్ళొస్తారు, మున్సిపాలిటీ వాళ్ళు ఇసక లారీలు తెస్తారు, క్రేను వస్తుంది. ఎన్ని లారీలు, ఎంతమంది, ఎన్ని గంటలు అన్నది ఆ రాత్రే కాగితం మీద పెట్టి ట్యాంకరు ఓనరుకి పంపినట్టు మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు. పారిపోయిన డ్రైవరు మీద కేసు పెడతారు, అంతే. పావుగంట పావుగంటకీ టైంషీట్ నింపి క్లయింటుకి బిల్లేసే జాతి మనది! ఆ విద్య మున్సిపాలిటీకి నేర్పలేమా?

మొన్న ఆ డీజిల్ కుర్రాడే మళ్ళీ వచ్చాడు. ఇదివరకు ఫోన్లో కబుర్లు చెబుతూ నింపేవాడు. ఈసారి గొట్టం తగిలించాక రెండుసార్లు లాగి చూశాడు. కింద తొట్టి పెట్టాడు. ట్యాంకు నిండేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.