సేవయు సంతోషమును



ఈ మాసమున నొక సోదరి నాకిట్లు వ్రాసినది: "పరులకు సేవ చేయుటయందే నిజమైన సుఖము గలదని మా దేవాలయమున ప్రతి ఆదివారము విందును. తెల్లవారుజామున లేచినది మొదలు దీపమార్పువరకు నేను చేయునది సేవయే కదా! ఆ సుఖము నాకేల కానరాదు?"

ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. సేవయే సుఖమని బోధించువారు తరచుగా సేవ చేయించుకొనువారే యగుదురు. క్రీస్తుప్రభువు మాత్రమట్లు చేయలేదు. కడరాత్రి భోజనపు వేళ తానే లేచి, నడుమునకు తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెను. మార్త కథయు మనమెరిగినదే. ఆమె చేసినది మంచి పనియే. కాని చేతులు వంటమీదను, మనస్సు ఊరక కూర్చున్న సోదరిమీదను నుండెను. సుఖమక్కడనే జారిపోయినది.

గుంటూరులోని కుగ్లరు ఆసుపత్రి పేరు మనలో ననేకులు విన్నదే. అన్నా సారా కుగ్లరుగారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, 1879లో వైద్యపట్టము పొంది, 1883లో గుంటూరు చేరిరి. కాని ఆమెను పంపిన లూథరన్ సంఘమువారు అప్పటికి వైద్యసేవకు సిద్ధముగా లేరు; ఘోషా స్త్రీలకు చదువు చెప్పు పని నొప్పగించిరి. నేర్చిన విద్య యొకటి, దొరకిన పని యొకటి! ఈ యనుభవము మనలో నెందరికి లేదు? ఆమె అలిగి కూర్చుండలేదు. తన విద్యను మరచిపోనూ లేదు. పాఠములు చెప్పుచునే, పురుష వైద్యుని యెదుటికి రాజాలని స్త్రీలకు మందులిచ్చుచు వచ్చిరి. 1885లో సంఘమువారామెను వైద్యురాలిగా నియమించిరి. ఆసుపత్రి తలుపులు తెరచునప్పటికి 1898వ సంవత్సరము వచ్చెను. అన్యమతస్థులు తాకినచో స్నానము చేయవలెనను నియమము ఆనాడు పెక్కు గృహములందుండెడిది. అట్టి గడపలు దాటిపోవుటలో గౌరవమేమున్నది? కాలక్రమమున నా గడపలే మారెను. తమ రాణిగారికి జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి యెదుట రోగుల బంధువులకై సత్రము కట్టించిరి.

ఆమె సుఖపడెనా యని మీరడుగవచ్చును. 1930లో గుంటూరులోనే ఆమె కన్నుమూసినది. తన వారిని విడిచి వచ్చిన నలువది యేడేండ్లకు కూడ ఆమె యా మంచములయొద్దనే యుండుటయే నాకు తోచిన యుత్తరము.

మన గృహములలోని పనిలో సగము ఎవరి యవసరమును తీర్చునది కాదు. ఎవరేమనుకొందురో యను భయమును తీర్చునది. అత్తగారి నొప్పిమోకాళ్లకు నూనె రాచునప్పుడు కలుగు తృప్తి, ఆమె మెప్పుకై ఆరు కూరలు వండునప్పుడు కలుగదు. రెండింటికిని పడిన శ్రమ యొక్కటే. మొదటిదానిలో మన కన్ను ఆమె ముఖముమీద నుండును, రెండవదానిలో మనమీదనే. ఆ రెండవ పనిని కొంత తగ్గించుకొన్నచో పాపము లేదు. నాలుగు దినములు మాట పడవలసి వచ్చును, అంతే.

మధ్యాహ్నము గంటసేపు తలుపు వేసికొని చదువుకొనుట స్వార్థమగునా యని కూడ ఆ సోదరి యడిగినది. కాదు. జనులు గుంపులుగా వచ్చుచున్నప్పుడు సైతము ప్రభువు ఒంటరిగా అరణ్యమునకు పోయెను. కుగ్లరుగారును నడుమ నడుమ స్వదేశమునకు పోయి విశ్రమించి వచ్చిరి. ఆ గంటలో తానేమి చదువుచున్నదో ఆ సోదరి వ్రాసినచో సంతోషింతును.