తుడిస్తే పోయే మరకకు నెల అద్దె కోతా?

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి ‘పెయింటింగ్ ఛార్జీల’ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. ఏడాది ఉన్నా అంతే, అయిదేళ్లు ఉన్నా అంతే. గోడలు ఎలా ఉన్నాయన్నది చాలాచోట్ల లెక్కలోకే రాదు. కిరాయిదారు జేబుకు ఇదెంత నష్టమో అందరికీ తెలుసు. గోడలు పాడవడానికి అసలు కారణం కూడా ఈ పద్ధతేనని మాత్రం ఎవరూ అనుకోరు. ఎలాగూ డబ్బు పోతుందని తెలిసినవాళ్లకు మరక పడిన రోజే తుడవాలన్న పట్టింపు ఉండదు. ఎలాగూ డబ్బు చేతికొస్తుందని తెలిసిన ఓనరుకు కాస్త మంచి రంగు వేయించాలన్న అవసరం కనిపించదు. అందుకే అద్దె ఇళ్లలో ఎక్కువగా చవకరకం డిస్టెంపరే కనిపిస్తుంది. తడిబట్టకు తట్టుకోలేనిదీ ఆ డిస్టెంపరే.

డిస్టెంపర్‌లో ఉండేది చాలావరకు సుద్ద, దాన్ని పట్టి ఉంచడానికి కొద్దిపాటి జిగురు. ఆ గోడకు ఆనుకుంటే చొక్కాకు తెల్లపొడి అంటుకునేది అందుకే. మంచం తలవైపు పడే తలనూనె మరకను అది లోపలికి పీల్చేసుకుంటుంది. తడిబట్టతో రుద్దితే మరకతోపాటు రంగూ ఊడొస్తుంది. ఎమల్షన్ తీరు వేరు. అందులోని ఆక్రిలిక్ ఆరిపోయాక గోడ మీద పలుచని పొరలా నిలుస్తుంది, మురికి చాలావరకు ఆ పొర పైనే ఆగిపోతుంది. స్విచ్‌బోర్డు చుట్టూ పడే వేలిముద్రలు, సోఫా వెనక జిడ్డు, పిల్లల క్రేయాన్ గీతలు... వీటిలో చాలావాటికి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు, ఒక మెత్తని బట్ట సరిపోతాయి. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. తర్వాత కింది నుంచి పైకి తుడుచుకుంటూ పోవాలి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్లు పొడిగోడ మీద చారలు కడతాయి, వాటిని వదిలించడం అసలు మరకను వదిలించడం కన్నా కష్టం. చివర్లో మంచినీళ్లతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి.

వంటింటి పసుపు మరక కొంచెం మొండిది. దాని మీద బట్టల సబ్బు పెట్టగానే, సున్నం కలిపిన పారాణిలా ఎర్రబడుతుంది. మరక ముదిరిపోయిందని కంగారుపడి గట్టిగా రుద్దుతారు, రంగు పోయేది అక్కడే. నిజానికి సబ్బులోని క్షారం తగిలి పసుపు రంగు మారిందంతే. మంచినీళ్లతో తుడిచేసి, ఆ గోడకు కొన్నాళ్లు ఎండ తగలనిస్తే మిగిలిన పసుపు చాలావరకు వెలిసిపోతుంది. మార్కెట్లో దొరికే తెల్లటి మెలమైన్ స్పాంజీ గీతల్ని బాగానే తీస్తుంది కానీ, అది సన్నని గరుకు కాగితంతో సమానం. మెరుపులేని గోడ మీద గట్టిగా రుద్దితే అక్కడ నిగనిగలాడే మచ్చ మిగులుతుంది.

ఖాళీ అయిన ఇంటికి మళ్లీ రంగు వేయకపోతే కొత్తవాళ్లు రారని ఓనర్లు అంటారు. అది కొంతవరకు నిజమే. కానీ రంగు మరకను పోగొట్టదు, కప్పుతుంది, ఒక్కోసారి అదీ చేయదు. జిడ్డు వదిలించకుండా, మరకను ఆపే ప్రైమర్ వేయకుండా పైన రెండు కోట్లు కొడితే నూనె మరకైనా, నీటి మరకైనా మళ్లీ పైకి తేలుతుంది. బాత్రూం అవతలి గోడకు లప్పం ఉబ్బి తెల్లటి ఉప్పు రాలుతుంటే లోపం పైపులోనో టైల్స్ సందుల్లోనో ఉంటుంది. ఆ ఖర్చు కిరాయిదారు మీద వేయడం తప్పు. పాత ఇళ్లలో ఆరోగ్యం సంగతీ చూడాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబర్ 1 నుంచే. అంతకుముందు వేసిన ఎనామిల్ పెయింట్లను పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. అది పసిపిల్లల మెదడుకు చేటు.

మేకులు కొట్టి పెచ్చులూడగొట్టేవాళ్లు, గోడ నిండా స్టిక్కర్లు అంటించేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల దగ్గర ఆ నష్టానికి సరిపడా వసూలు చేయడం న్యాయమే. ఎవరో పాడుచేశారని అందరి దగ్గరా ఒకే కోత కోయడం మాత్రం న్యాయం కాదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా గోడలకు వెల్ల వేయించడాన్ని ఇంటి యజమాని పనుల్లోనే చేర్చింది. ఒప్పందంలో వేరేలా రాసుకోవచ్చన్నది నిజమే. రాష్ట్రాలు తమ చట్టాల్లోకి తెచ్చుకుంటే తప్ప ఆ నమూనా తనంతట తాను అమలు కాదన్నదీ నిజమే. అయినా ఎవరి బాధ్యత ఏమిటన్నది అందులో స్పష్టంగానే ఉంది. ఇక ఎమల్షన్ ఖరీదు ఎక్కువన్న మాట కాదనలేం. కానీ పెయింటర్ కూలి, గోడ చదును చేసే పని ఏ రంగుకైనా తప్పవు. కిరాయిదారు మారినప్పుడల్లా ఆ కూలి మళ్లీ మళ్లీ పెట్టడమే అసలు ఖర్చు. ఇల్లంతా కాకపోయినా, హాల్లో, వంటింట్లో, పిల్లలు తిరిగే గదుల్లో తడిబట్టకు తట్టుకునే రంగు వేయిస్తే చాలు.

అద్దె ఒప్పందంలో నెల అద్దె కోత రాసే చోట, గోడలకు ఏ రంగు వేశారో, షేడ్ నంబరు ఎంతో, ఎప్పుడు వేశారో రాయాలి. చేరే రోజు గోడల ఫొటోలు ఇద్దరి దగ్గరా ఉండాలి. పని అయ్యాక మిగిలిన రంగును గట్టిగా మూతపెట్టి అటక మీద దాచితే, మేకు కన్నం లప్పంతో పూడ్చి అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. దానికి పెయింటర్‌ని పిలవక్కర్లేదు, అడ్వాన్సు ముట్టుకోనక్కర్లేదు.