పల్నాటి పనులు – పల్నాటి చదువులు

గడచిన కార్తికమాసమున గురజాల ప్రాంతమందలి యొక గ్రామములో మేము కన్నులార చూచిన సంగతి యిది. కాలువక్రింది వరి కోతకు వచ్చి వాలియున్నది. తుఫాను రానున్నదని వార్త. ఆ సమయమున కోతయంత్రము మడిలో నిలిచిపోయినది. లోపలి నూనెగొట్ట మొకటి పగిలినదట. మరమ్మతు చేయువాడు గుంటూరునుండి రావలయును. అతడు మూడవనాటి సాయంకాలమునకు గాని రాలేదు. వచ్చి అరగంటలో గొట్టము మార్చి, అడిగినంత సొమ్ము పుచ్చుకొని పోయెను. ఆ మూడునాళ్లును రైతు కుమారుడు గట్టుమీద కూర్చుండి చూచుచుండెను. అతడు మెకానికల్ ఇంజనీరింగు పరీక్ష యందు ఉత్తీర్ణుడై రెండేండ్లయినది. "నాలుగేండ్లలో ఇట్టి యంత్రమును విప్పి మాకెవ్వరును చూపలేదండీ" యని అతడు చెప్పినపుడు మాకు బదులు తోచలేదు. ఆ చదువునకై తండ్రి అరయెకరము విక్రయించెను. ప్రభుత్వము రుసుము తిరిగి యిచ్చినను, పట్టణమున బసకును భోజనమునకును ఎవరిత్తురు?

ఇది యొక్క యింటి దురదృష్టమైన మేమిచ్చట వ్రాయకుందుము.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగా మన పల్నాడు ప్రత్యేక జిల్లా యైనది. దీనిని పనులులేని సీమ యని ఎవరనగలరు? మాచర్లలో సిమెంటు కర్మాగారము 1958లోనే వెలసినది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపున నాపరాతి గనులు, చిలకలూరిపేట, గణపవరములలో నూలు మిల్లులు, ఎడ్లపాడువద్ద సుగంధద్రవ్యముల పార్కు, ఊరూర ట్రాక్టరులు, మోటారులు, మందుకొట్టు యంత్రములు గలవు. యజమానుల నడిగినచో "పని తెలిసినవారు దొరకుటలేదు, పొరుగు రాష్ట్రములనుండి తెచ్చుకొనుచున్నాము" అందురు. పిల్లల నడిగినచో "పని దొరకుట లేదు" అందురు. ఇరువురును నిజమే చెప్పుచున్నారు. ఇద్దరికి నడుమనున్న పాఠశాల ఎవరి మాటయు వినలేదు.

మిరపకాయ సంగతి చూడుడు. కల్లములో సరిగా నెండని కాయకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. ఐరోపా దేశములవారి నిబంధన ప్రకారము ఈ విషము కిలోకు మొత్తము పది మైక్రోగ్రాములకు మించరాదు. మించిన సరుకు రేవునుండి తిరిగివచ్చును. కావున ఎగుమతి వర్తకునకు తేమ కొలువగలవాడు, బస్తాలనుండి నమూనా తీయగలవాడు, ఏ మందు ఏ దినమున కొట్టిరో లెక్క వ్రాయగలవాడు కావలయును. ఇవి పదవతరగతి చదివిన పిల్లవాడు కొలది మాసములలో నేర్వదగిన పనులే.

ఇక కల్లములలోను శీతల గిడ్డంగులవద్దను తొడిమలు తీయుచు, తాలుకాయ యేరు స్త్రీలను చూచితిరా? కాయను గుప్పిట నూపి, గింజల చప్పుడు విని, ఇది యింకను ఒకదినము ఎండవలెనని చెప్పువారు వారిలో కలరు. మేము తేమ కొలుచు పరికరముతో సరిచూచితిమి. వారు తప్పినది స్వల్పము. ఈ నేర్పునకు పేరు లేదు, పత్రము లేదు, కూలి మాత్రము అందరితో సమానము. నేర్చిన పనికే పరీక్షపెట్టి పత్రమిచ్చు ఏర్పాటు 2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనయందు కలదు. మన గ్రామములలో దానిని గూర్చి విన్న స్త్రీని మే మింతవరకు కలిసికొనలేదు.

నేర్పు లేకున్న నష్టమెంతో 2021–22 పంటకాలమున నల్లతామరపురుగు మనకు నేర్పినది. పురుగు పూవులో దాగియుండగా, గుర్తెరుగక ఆకులపై మందుమీద మందు కలిపి కొట్టితిమి. చెప్పినది ఎవరు? మందుల దుకాణదారుడు. అతనికి చెప్పినది ఎవరు? మందు లమ్మజూపిన కంపెనీ మనిషి. ఈ లోపమును ముందే కనిపెట్టి హైదరాబాదులోని మేనేజ్ సంస్థవారు 2003లో దుకాణదారులకే యొక సంవత్సరపు డిప్లొమా ఏర్పరచిరి. వారమున కొకదినము తరగతి, నడుమ పొలము చూచుట. దుకాణము మూయనక్కరలేదు. అవసరము నెరిగి, నేర్చుకొనువాని తీరికను బట్టి పాఠము నమర్చుట యన మా యభిప్రాయమున నిదియే.

యజమానులతోను ఒకమాట. అనుభవముగల పనివాడు కావలెనందురు గాని, అనుభవమెచ్చట దొరకునో చెప్పరు. 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము ప్రకారము ముప్పదిమంది, అంతకు మించినవారు పనిచేయు సంస్థ నూటికి రెండున్నర మొదలు పదునైదువరకు అప్రెంటిసులను చేర్చుకొనవలయును. రెండువందలమంది గల మిల్లు కనీసము అయిదుగురికి పని నేర్పవలయునన్నమాట. ఇది దయాధర్మము కాదు, చట్టము. మీ యూరి దగ్గరి మిల్లులో ఎందరున్నారో అడిగి తెలిసికొనుడు. అడుగుట నేరము కాదు.

అయినను దోషమంతయు పరులదే యనుట న్యాయము కాదు. మేము చదివిన మిషను పాఠశాలలో మధ్యాహ్నమైన పిమ్మట తోటపనియు వడ్రంగమును తప్పనిసరి. ఉలి చేత బట్టించిన మాస్టరుగారిని నాడు మేము తిట్టుకొంటిమి. మా పెద్దలును "పలుగు పట్టుటకా బడికి పంపినది?" అనిరి. నేడు మీ రనుచున్నదియు నదియే. ఐ.టి.ఐ.లో చేరిన కుమారుని పేరు చెప్పుటకు సిగ్గుపడి, ఇంజనీరింగులో చేరి యింట కూర్చున్న కుమారుని పేరు గొప్పగా చెప్పుచున్నారు. పైన చెప్పిన యువకుడు ఇప్పు డొక మరమ్మతు దుకాణమున పని నేర్చుచున్నాడు. తండ్రి మాత్రము మావాడు హైదరాబాదు కంపెనీలో నున్నాడని బంధువులతో చెప్పుచున్నాడు!

డెన్మార్కు దేశమున రైతుబిడ్డలకై 1844 మొదలు వెలసిన జానపద పాఠశాలలలో, పొలముపని తక్కువగానుండు శీతకాలమున పిల్లలు చేరుచుండిరి. మన తీరిక వేసవిలో నున్నది. మిరప కోత ముగిసినది మొదలు తొలకరివరకు మన యువకులు రచ్చబండకడ కాలము గడపుచున్నారు. ఆ రెండు మాసములలో మోటారు చుట్టుట, యంత్రముల మరమ్మతు, తేమ కొలుచుట, సంఘపు లెక్కలు నేర్పరాదా? రెంటచింతల యెండలో బడియా యని నవ్వెదరేమో. ఉదయము ఆరింట మొదలిడిన పదింటికి ముగియును.

ఇందులకు మన సంఘము కోరికల పత్రము నొకదానిని సర్కారునకు పంపి కూర్చుండిన చాలదు. ఏమి నేర్పవలయునని ప్రిన్సిపాలుగారు అడిగిన చెప్పుటకు మనయొద్ద లెక్క యుండవలయును. కావున ప్రతి గ్రామసంఘ కార్యదర్శియు ఒక చిట్టా తెరువ గోరుచున్నాము. గ్రామమందలి యంత్రము లెన్ని, గడచిన యేడు ఏది యెన్నిమారులు చెడినది, బాగుచేసినవాడు ఏ యూరినుండి వచ్చెను, ఎన్నిదినములు పని నిలిచినది, ఎంత సొమ్ము పోయినది అనునవి వ్రాయవలయును. దగ్గరి మిల్లులవారికి ఏ పనికి మనుష్యులు దొరకుటలేదో అడిగి అదియు చేర్చవలయును. నెలదినములలో ముగియు పని. పది గ్రామముల చిట్టాలు చేరిన పిమ్మట నరసరావుపేటలో ఐ.టి.ఐ. వారిని, పాలిటెక్నిక్ వారిని, మిల్లు యజమానులను ఒకచోట కూర్చుండబెట్టి చదివి వినిపింపవచ్చును. చిట్టా తెచ్చిన కార్యదర్శులకు తోడుగా మేమును వచ్చెదము.